బ్యాక్టీరియాను కాంతితో పట్టడంలో నానోకణాలు ఎలా సాయపడతాయి?

బంగారు నానోకణాలతో, అంటే కంటికి కనిపించనంత చిన్న రేణువులతో, రోగకారక బ్యాక్టీరియా త్వరగా దొరుకుతుందంటారు, ఎలా అని అడిగారు.

ఇక్కడ బెంగళూరు మారతహళ్లిలో మా అమ్మకు యూరిన్ కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఇచ్చి రెండు రోజులు టెన్షన్‌తో ఎదురుచూశాం. బ్యాక్టీరియా కంటికి కనిపించేంతగా పెరగాలి కదా, అందుకే ఆలస్యం. ఆ ఎదురుచూపునే నానోకణాలు తగ్గించగలవు.

ప్రెగ్నెన్సీ కిట్‌లో ఎర్ర గీత చూసే ఉంటారు. చాలా కిట్లలో అది మామూలు రంగు కాదు, బంగారమే! అంత చిన్న రేణువుల్లో ఎలక్ట్రాన్లు 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతికి కలిసికట్టుగా ఊగి దాన్ని మింగేస్తాయి, మనకు ఎరుపు కనిపిస్తుంది. రేణువులు గుమిగూడితే ఆ ఎరుపు ఊదాకు, నీలానికి తిరుగుతుంది. ఒక బ్యాక్టీరియాను మాత్రమే గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్‌ను, అంటే యాంటీబాడీని, రేణువులకు అంటిస్తే, అవి దాని ఒళ్లంతా అతుక్కుంటాయి. అలా గుమిగూడడంతో రంగు మారుతుంది.

ఇంకో పద్ధతి నాకు మరీ ఇష్టం. అణువులను తాకి రంగు కాస్త మారి చెదిరే కాంతిని 1928లో సి.వి.రామన్ కనుగొన్నారు. అది ఒక్కో అణువుకు వేలిముద్ర లాంటిది, కానీ చాలా బలహీనం. వెండి, బంగారు రేణువుల మధ్య సందుల్లో అది లక్షల రెట్లు పెరుగుతుంది. ఆయన పెట్టిన సంస్థ మన బెంగళూరులోనే ఉంది.

చిక్కల్లా రక్తం లాంటి నమూనాలతోనే. అందులోని ప్రొటీన్లు ముందే రేణువులకు అంటుకుపోతాయి. పైగా ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తేల్చడానికి డాక్టర్లు ఇప్పటికీ ఎక్కువగా కల్చరే రాస్తారు.