మార్కులు బాగానే ఉన్నాయి, ఇంటర్వెల్ అంటేనే భయం

ప్రశ్న: మా పాపకి పదేళ్లు. రెండు చెవులకీ హియరింగ్ ఎయిడ్స్ ఉన్నాయి. మామూలు స్కూల్లోనే చదువుతోంది, మార్కులకి లోటు లేదు. ఈమధ్య ఇంటికి రాగానే మిషన్లు తీసి పక్కన పెట్టేసి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకుంటోంది. ఇంటర్వెల్ అసలు ఇష్టం లేదట. టీచర్ని అడిగితే 'అన్నీ అర్థమవుతున్నాయనే చెప్తుందండీ' అన్నారు. స్పెషల్ స్కూల్‌కి మార్చేయమంటారా? – ఓ తల్లి

జవాబు: తొందరపడకండమ్మా. ముందు ఆ 'అర్థమైంది' అనే మాటని మీరూ టీచరూ నమ్మడం మానేయండి. సరిగా వినపడని పిల్లలు చాలామంది ఊరికే తలూపడం అలవాటు చేసుకుంటారు, మళ్లీ చెప్పమని మూడోసారి అడిగితే క్లాసంతా తనవైపే చూస్తుంది కదా.

మిషన్లు తీసేయడం మొండితనం కాదు, అలసట. హియరింగ్ ఎయిడ్ కళ్లజోడు లాంటిది కాదు. టీచర్ గొంతుతోపాటు ఫ్యాన్ చప్పుడునీ, బెంచీలు జరిపే మోతనీ కూడా పెంచుతుంది, మనిషి దూరంగా ఉంటే మాట ఆ మోతలోనే కలిసిపోతుంది, అందని ముక్కల్ని పెదాలు చూసి, ఊహించి అతికించుకుంటూ సాయంత్రం దాకా కూర్చోవాలి. టీచర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడితే అదీ లేదు. ఇక ఇంటర్వెల్లో అయితే నలుగురూ ఒకేసారి మాట్లాడతారు, జోకు ఏమిటో తనకి తెలిసేసరికి మిగతావాళ్లు నవ్వేసి వేరే మాటలోకి వెళ్లిపోయి ఉంటారు.

టీచర్ మెడలో వేసుకునే వైర్‌లెస్ మైక్ ఆ మిషన్లకి కలుస్తుందేమో ఆడియాలజిస్టుని (వినికిడి పరీక్షించి మిషన్లు అమర్చే నిపుణుల్ని) అడగండి. వెనకబెంచీ పిల్లల జవాబుల్ని టీచర్ మళ్లీ ఒకసారి పైకి చెప్పాలి (పైసా ఖర్చు లేని పని, అయినా గుర్తుచేస్తూనే ఉండాలి). మొహమాటపడకండి, ఇదేం దయ కాదు. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందంలో 24వ ఆర్టికల్ ఇలాంటి సర్దుబాట్ల గురించే చెబుతుంది. ఏ మార్పూ చేయకుండా మామూలు క్లాసులో కూర్చోబెట్టినంత మాత్రాన అది సమ్మిళిత విద్య (పిల్లలందరికీ అనువుగా కలిపి చదువు చెప్పడం) కాదని 2016లో ఆ ఒప్పందం కమిటీ తేల్చి చెప్పింది కూడా.

స్పెషల్ స్కూల్ చెడ్డదని అనను. తనలా మిషన్లు పెట్టుకునే స్నేహితులు, సైగల భాష తనకి ఎలాగూ కావాలి, స్కూలు మార్చకపోయినా సరే. కానీ ఆ నిర్ణయం పాపని అడక్కుండా తీసుకోకండి. 'స్కూలు ఎలా ఉంది' అంటే 'బాగుంది' అనేస్తుంది. ఈరోజు ఎవరి పక్కన కూర్చున్నావు, ఏ పీరియడ్‌లో ఎక్కువ అలిసిపోయావు అని అడగండి, అదీ కాసేపు పడుకుని లేచాక.