మిస్సింగ్ కొడితే కాయిల్ కొనొద్దు, ముందు తారుమారు చేసి చూడు

ఒరే అల్లుడూ,

అలిపిరి దాటగానే బండి మిస్సింగ్ కొట్టి, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండక, కుదుపులు మొదలయ్యాయనీ, చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉన్నా కొండెక్కేదాకా ఆపలేదనీ అన్నావు చూడు, అక్కడే కోపం వచ్చింది నాకు. ఆ లైటు నిలకడగా వెలిగితే మెల్లగా ఇంటికి తెచ్చుకోవచ్చు గానీ మిణుకుమిణుకుమంటే మాత్రం కాలని పెట్రోలు పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతోందని అర్థం. అది పాడైతే దాని ఖర్చు ముందు నిప్పురవ్వ కొట్టే ప్లగ్గులూ, వాటికి కరెంటు ఇచ్చే కాయిళ్లూ ఏ మూలకీ రావు. ఇంకోసారి అలా అయితే పక్కకు తీసి ఆపెయ్.

మెకానిక్ నాలుగు కాయిళ్లూ మార్చాలన్నాడా? వద్దు. ముందు బండిలోని లోపం కోడ్ చదివే స్కానర్ పెట్టించు. పి0302 అని వస్తే చివరి అంకె సిలిండర్ నంబరు, అంటే రెండోది. పి0300 వస్తే గొడవ ఒక్క సిలిండర్‌ది కాకపోవచ్చు, గాలి లీకు, పెట్రోలు ప్రెషర్ చూడాలి. రెండోదే అనుకో, ఆ కాయిల్ తీసి మూడోదాంట్లో, మూడోది రెండోదాంట్లో వేసి, కోడ్ చెరిపి, ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నలభై స్పీడు నుంచి యాక్సిలరేటర్ తొక్కు. లోడు పడితేనే దొంగ బయటపడతాడు, అందుకే నీ బండి బజార్లో బాగుండి ఘాట్‌లో దొరికిపోయింది. కోడ్ 0303కి మారిందా, కాయిలే. మారలేదా, ప్లగ్గు కూడా అలాగే తిప్పి చూడు.

ప్లగ్గు మాత్రం ఇంజిన్ బాగా చల్లారాకే విప్పు. చిత్తూరులో షెడ్డు పెట్టిన కొత్తలో తొందరపడి వేడి మీద విప్పి అల్యూమినియం హెడ్డు మరలు లాగేశాను, ఆ నెల సంపాదన దానికే పోయింది. విప్పేముందు ప్లగ్గు కూర్చునే గుంటలో దుమ్ము గాలితో ఊది తియ్యి. తీశాక తెల్ల పింగాణీని వెలుతురులో తిప్పి చూడు, పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత నిలువుగా కనిపిస్తే కరెంటు అక్కడి నుంచే పారిపోతోంది, కాయిల్ రబ్బరు లోపల కూడా అదే గీత ఉంటుంది, రెండూ మార్చాల్సిందే. గుంటలో ఆయిల్ ఉంటే ట్యాపెట్ కవర్, అంటే ఇంజిన్ పైమూత, సీలు పోయినట్టే, అది మార్చకుండా కొత్త ప్లగ్గు వేసినా మళ్లీ ఇదే కథ. కొత్తది బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పు.

కాయిల్, ప్లగ్గు రెండూ బాగుంటే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ చూడాలి. అదీ పనిచేస్తుంటే కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఒత్తిడి, టెస్టు పెట్టించు, తక్కువొస్తే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమను. పెరిగితే తేడా పిస్టన్ రింగుల్లో, పెరగకపోతే ఎక్కువగా వాల్వుల్లోనే.

తీసిన ప్లగ్గులు కలిపెయ్యకుండా అదే వరసలో పేపరు మీద పెట్టి ఫొటో పంపు.

మామ