తాతగారి ట్రెడిల్ ప్రెస్సు తరలించాలంటే ముందు టైపు కేసులు బయటికి తీయండి

నెలలోగా దుకాణం ఖాళీ చేయాలి, తాతగారి ట్రెడిల్ ప్రెస్సునూ (కాలితో తొక్కి నడిపే అచ్చు యంత్రం) టైపు కేసులనూ (సీసపు అక్షరాలుండే గళ్ల అరలు) 40 కిలోమీటర్ల దూరంలోని ఇంటికి చేర్చాలి, కూలీలు "ఆరుగురం తాళ్లు వేసి ఎత్తేస్తాం" అంటున్నారు, సరేననవచ్చా అని అడిగారు. వద్దండీ. మా మేనమామ ప్రెస్సును విజయవాడ నుంచి తెచ్చుకునేటప్పుడు నేను సరేనన్నాను. సిరా పూసే రోలర్లను పట్టి ఉంచే ఇనుప చేతులకు తాళ్లు తగిలించి లేపారు. జానెడు ఎత్తు లేవకముందే ఒక చెయ్యి ఫట్టున విరిగింది. పోత ఇనుము ఉక్కులా ముందు వంగదు, ఒక్కసారిగా పగులుతుంది. వెల్డింగ్ చేయిస్తే రెండు నెలల్లో అదే చోట మళ్లీ విడిపోయింది. చివరికి పాత ఇనుప దుకాణాలన్నీ తిరిగి, అదే కొలతల యంత్రం నుంచి ఆ భాగం సంపాదించాను. ఆ రోజు కింద ఎవరి కాలూ లేదు, అదే మాకు పెద్ద ఊరట.

చాండ్లర్ అండ్ ప్రైస్ అనే అమెరికా కంపెనీ నమూనాలో 10 × 15 అంగుళాల (అచ్చు చట్రం కొలత) ట్రెడిల్ దాదాపు 700 కిలోలు తూగుతుంది. అదే సైజు జర్మన్ యంత్రం హైడల్‌బర్గ్ అయితే టన్ను దాటుతుంది. ట్రెడిల్ బరువు పైభాగంలో ఎక్కువ, పైగా ఫ్లైవీలు ఉన్న వైపుకు మొగ్గు. కాళ్ల మధ్య ఎడం చూస్తే తక్కువ. అందుకే అది తేలికగా ఒరుగుతుంది. ఒరగడం మొదలైతే చేతులు అడ్డుపెట్టకుండా పక్కకు తప్పుకోవాలని కూలీలకు ముందే గట్టిగా చెప్పండి. యంత్రాన్ని కాపాడబోయి మనిషి నలిగిపోకూడదు.

అయితే అంతకన్నా ముందు చూడవలసింది టైపు. ట్రెడిల్ పోతే, వెతికితే ఇంకొకటి దొరకవచ్చు. పూర్తి తెలుగు టైపు మళ్లీ సమకూర్చుకోవడం చాలా కష్టం. గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిపి వందల రకాల టైపు ముక్కలు. ఇంగ్లీషు కేసు ఒలికిపోతే మనమే కూర్చుని ఏరుకోవచ్చు. తెలుగు కేసు కలగాపులగమైతే ఆ గళ్ల క్రమం చేతికి తెలిసిన కంపోజిటరే (టైపు పేర్చే పనివాడే) కావాలి. మా మేనమామ దగ్గర పనిచేసిన పెద్దాయన ఒకరు వచ్చి, కేసు ముందు నిలబడి, చూడకుండానే 'క్ష' గడిలో చెయ్యి పెట్టారు. ఆయన చెబుతుంటే ప్రతి గడికీ చీటీ రాసి, ఫొటోలు తీసుకున్నాను. మీ తాతగారి దగ్గర పనిచేసినవారు ఎవరైనా ఉంటే ఈ వారమే వెళ్లి కలవండి.

సీసం కలిసిన లోహం కాబట్టి నిండు కేసు పది కిలోలకు పైనే ఉంటుంది. స్టాండును కేసులతో కలిపి ఎప్పుడూ కదపవద్దు. ఒక్కొక్క కేసూ బయటికి లాగి, పైన పాత పేపర్లు మందంగా పరచి, సరిపడా అట్టముక్క పెట్టి దారంతో కట్టండి. ఏమాత్రం వంచకుండా, ఇద్దరు చెరోవైపూ పట్టుకుని మోయాలి. పాత కేసుల అడుగు చెక్క చివికి ఉంటుంది, కింద చెయ్యి పెట్టి చూసుకోండి. టైపు మీద తెల్లటి పొడి కనిపిస్తే ఊదవద్దు, పొడి బ్రష్షుతో దులపవద్దు. అది సీసపు పొడి. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినండి. పిల్లలను ఆ గదిలోకి రానివ్వవద్దు.

ఇక యంత్రం. రోలర్లు, కాగితాలు పెట్టే బల్లలు, కాలితో తొక్కే పెడలు విప్పేయండి. పైనున్న గుండ్రటి ఇంకు పళ్లెం ఈ నమూనాలో కాడ మీద ఊరికే కూర్చుని ఉంటుంది, యంత్రం వంగితే జారి పడుతుంది. దాన్ని ముందే పైకి లేపి తీసేయండి. ఫ్లైవీలు మొండికేస్తే సుత్తితో కొట్టవద్దు, ఆకులు పగులుతాయి. దాన్ని అలాగే ఉంచి, తిరగకుండా ఫ్రేముకు కట్టండి. అది తిరిగితే ప్లాటెన్ (కాగితాన్ని టైపుకు నొక్కే పలక) కదులుతుంది, దానితో బరువూ అటూ ఇటూ మారుతుంది.

ఎత్తడానికి జాకీలు చాలు. ఫ్రేము కింద ఒక వైపు అంగుళం లేపి చెక్క దూర్చండి, తర్వాత రెండో వైపు అంగుళం. చెక్క లేకుండా జాకీ మీదే నిలబెట్టవద్దు, కింద వేళ్లు పెట్టవద్దు. ఎత్తు సరిపోయాక యంత్రం కన్నా బాగా పొడవైన రెండు గట్టి దుంగలు కింద పెట్టి, కాళ్లకు ఉన్న రంధ్రాల్లోంచి బోల్టులు బిగించండి. అడ్డంగా ఇంకో రెండు. ఇప్పుడు దాని అడుగు వెడల్పవుతుంది. దుంగల కింద ఇనుప గొట్టాలు పెట్టి గునపంతో మెల్లగా నెట్టుకుంటూ పోవచ్చు. మాకు దుకాణం వెనక నుంచి వీధి గుమ్మం దాకా రావడానికే పూటంతా పట్టింది. నేల కడప బండలదైతే గొట్టాల కింద ప్లైవుడ్ పరచండి, లేకపోతే బండలు పగులుతాయి. గడపకు రెండు వైపులా పలకలు పేర్చి, దాని మీద బరువు పడకుండా వంతెనలా దాటించండి.

వాహనంలోకి ఎక్కించడం మాత్రం క్రేను ఉన్నవారికి అప్పగించండి. బెల్టులు ఫ్రేముకు వేయించండి, షాఫ్టులకు వద్దు. ఏటవాలు పలకల మీదే ఎక్కించాల్సి వస్తే చైన్ పుల్లీ కట్టి లాగాలి, దిగువన ఎవరూ నిలబడకూడదు. టాటా ఏస్ లాంటి చిన్న బండికి 700 కిలోలంటే దాదాపు నిండు బరువు. టైపుకు వేరే బండి పెట్టుకోండి.

ఇంటికి చేరాక మోటారు తగిలించే తొందర వద్దు. స్పిరిట్ లెవెల్‌తో సమంగా నిలబెట్టి, నూనె రంధ్రాల్లో పేరుకున్న మురికి కిరసనాయిలుతో కడిగి, నూనె పోసి, ఫ్లైవీలును చేత్తో మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తే అక్కడే ఆపి చూడండి. రోలర్లు చివరన.

మీ గుమ్మం వెడల్పు, కాగితాలు కోసే కటింగ్ మిషన్ కూడా ఉందో లేదో రాయండి. ఉంటే ముందు దాని బ్లేడు విప్పించి చెక్కపెట్టెలో పెట్టించండి, మిగతాది వివరంగా చెబుతాను.