జ్వరం తగ్గింది.. కంటి ముందు ఈ మచ్చ ఏమిటి?

ప్రశ్న: మేం బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. మావారి వయసు 41. కిందటి నెల ఎనిమిది రోజులు తీవ్రమైన జ్వరం వచ్చింది. డెంగీ, టైఫాయిడ్ పరీక్షల్లో ఏమీ తేలలేదు. జ్వరం తగ్గిన రెండు వారాలకు కుడి కంటి చూపు మధ్యలో బూడిదరంగు మచ్చ మొదలైంది. రెటీనా (కంటి లోపలి వెనక పొర) వాచిందనీ, పిడుదుల వల్ల వచ్చిన జ్వరం కావచ్చనీ చెప్పి డాక్సీసైక్లిన్, స్టెరాయిడ్ మాత్రలు రాశారు. ఇంట్లో కుక్క ఉంది. స్టెరాయిడ్ అంటే భయం. చూపు తిరిగి వస్తుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: చాలామందికి బాగానే తిరిగి వస్తుందమ్మా. అయితే వారాలు పడుతుంది. రక్తనాళం మూసుకుపోయినా, కంటి నరం దెబ్బతిన్నా కొంత లోటు మిగలవచ్చు. అందుకే డాక్టరు రమ్మన్న రోజున తప్పక వెళ్లండి.

కుక్కల మీది పిడుదుల్లో (కొన్ని చోట్ల గోమార్లు అంటారు) రికెట్సియా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అది మన ఒంట్లో చేరి రక్తనాళాల లోపలి పొరను పట్టుకుంటుంది. ఈ జ్వరంలో అరచేతుల్లో, అరికాళ్లలో సైతం ఎర్రటి దద్దుర్లు రావడానికి కారణం అదే. రెటీనాలోని సన్నని నాళాలు వాచినప్పుడు తెల్లటి మచ్చలు, నెత్తుటి చుక్కలు ఏర్పడి నీరు ఊరుతుంది. ఆ నీరు మాక్యులాకు చేరితే, అంటే మనం అక్షరాలు చదివే చోటికి చేరితే, చూపు మధ్యలో మచ్చ పడుతుంది. జ్వరం పోయిన కొన్ని వారాలకు ఇది బయటపడుతుంది కనుక చాలామంది రెండింటికీ ముడిపెట్టరు. కళ్లజోడు మార్చుకుని ఊరుకునేవారూ ఉన్నారు. మీరు వెంటనే వెళ్లడం మంచిదైంది.

డెంగీ, చికున్‌గున్యా, స్క్రబ్ టైఫస్ (ఒక రకం చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) తర్వాతా ఇలా జరగవచ్చు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వల్ల వచ్చే వాపూ ఒక్కోసారి ఇలాగే కనిపిస్తుంది. రికెట్సియా జ్వరానికి చేసే వీల్-ఫెలిక్స్ రక్తపరీక్ష చవకే గానీ దాన్ని పూర్తిగా నమ్మలేం. ఎలైసా అనే రక్తపరీక్ష మేలు. ఏ పరీక్ష చేసినా జ్వరం వచ్చిన తొలి వారంలో జబ్బు తేలకపోవచ్చు. అనుమానం బలంగా ఉంటే ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టడమే సరైన పద్ధతి. పెద్దలకు మామూలుగా 100 మిల్లీగ్రాములు, ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. భోజనం తర్వాత గ్లాసు నిండా నీళ్లతో మింగాలి. వెంటనే పడుకుంటే ఆహారనాళం పుండు పడుతుంది. ఐరన్, క్యాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకూడదు. గర్భిణులకు సాధారణంగా అజిత్రోమైసిన్ ఇస్తారు.

ఇక స్టెరాయిడ్. మాక్యులా వాపు ఎక్కువగా ఉన్నప్పుడు దాన్ని తగ్గించడానికి ఇస్తారు. మీ భయం అర్థం లేనిది కాదు. యాంటీబయాటిక్ తోడు లేకుండా స్టెరాయిడ్ ఒక్కటే వాడితే ఇన్ఫెక్షన్ రెచ్చిపోవచ్చు. మీవారికి రెండూ కలిపే రాశారు కాబట్టి చెప్పిన మోతాదులో వాడండి. సొంతంగా ఆపవద్దు. మధుమేహం ఉంటే ముందే చెప్పండి.

ఇంట్లో రోజూ ఒక పని చేయించండి. ఎడమ కన్ను మూసి గోడ క్యాలెండర్ గళ్లు చూడమనండి. గీతలు కిందటి రోజుకంటే ఎక్కువ వంగినా, మచ్చ పెద్దదైనా, రెండో కంట్లో మొదలైనా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

కుక్క చెవుల లోపల, కాలివేళ్ల సందుల్లో వెతకండి. నెత్తురు తాగి ఆముదపు గింజలా ఉబ్బిన పిడుదును గోళ్లతో నలపవద్దు. ఆ చేత్తో కన్ను నులుముకున్నా జబ్బు సోకవచ్చు. కిరసనాయిలు పోయడం, అగరుబత్తితో కాల్చడం కూడా వద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగి, చేతులు సబ్బుతో కడుక్కోండి. కుక్కకు మందు పశువైద్యుడినే అడగండి. ఇంట్లో మరెవరికైనా జ్వరం వస్తే కుక్క సంగతి డాక్టరుకు మొదటే చెప్పండి.