టెస్టింగ్ పరికరానికి హెచ్‌ఎస్ కోడ్ వేసే ముందు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. దిగుమతి కాగితాల పని నీకు అప్పగించారని, వచ్చే సరుకులో ఎలక్ట్రానిక్ టెస్టింగ్ పరికరాలే ఎక్కువని రాశావు. ఈ సరుకులో తప్పులు చాలావరకు ఒకే చోట పుడతాయి. డబ్బా మీద పేరు చూసి హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్ కోసం ప్రతి సరుకుకూ వేసే అంతర్జాతీయ అంకెల కోడ్) వేసేస్తారు. ఆ పేరు అమ్మేవాడు పెట్టుకున్నది. టారిఫ్ (ఆ కోడ్లన్నీ ఉన్న కస్టమ్స్ జాబితా) అడిగేది మాత్రం ఇది దేన్ని కొలుస్తుంది, ఏ పద్ధతిలో కొలుస్తుంది అని.

అందుకని ఇన్వాయిస్ పక్కన పెట్టి ముందు డేటాషీట్ (తయారీదారు ఇచ్చే సాంకేతిక వివరాల పత్రం) తెరువు. స్పెసిఫికేషన్ల పట్టికలో వోల్టేజ్, కరెంట్, రెసిస్టెన్స్, పవర్, ఫ్రీక్వెన్సీ లాంటివి కనిపిస్తే 9030 హెడింగ్ దగ్గర మొదలుపెట్టు. కోడ్‌లో మొదటి రెండంకెలు చాప్టర్, మొదటి నాలుగు హెడింగ్. కరెంటుతో నడవడం వేరు, కరెంటును కొలవడం వేరు. డిజిటల్ థర్మామీటర్ 9025కి, ప్రెషర్ గేజ్ 9026కి వెళ్తాయి, లోపల ఎంత ఎలక్ట్రానిక్స్ ఉన్నా సరే.

ఒకే సర్క్యూట్ బోర్డును పరీక్షించే మూడు యంత్రాలను తీసుకో. పిన్నులు ఆనించి కనెక్షన్లు, విలువలు చూసేది 9030. కెమెరాతో సోల్డరింగ్ చూసేది ఆప్టికల్ పరికరం, 9031.49. ఎక్స్‌రేతో లోపలికి చూసేది 9022.19. మూడింటి ఇన్వాయిస్ మీదా 'పీసీబీ టెస్టర్' అనే ఉండొచ్చు!

బెంచీ మీద పక్కపక్కన ఉన్నవన్నీ కొలిచేవి కావని కూడా గుర్తుంచుకో. సిగ్నల్ జనరేటర్ సిగ్నల్‌ను పుట్టిస్తుంది, కొలవదు. దానిది 8543.20. బెంచ్ పవర్ సప్లైది 8504.40. ఇక కంప్యూటర్‌కు తగిలించి వాడే స్క్రీన్ లేని ఆసిలోస్కోప్‌ను (సిగ్నల్ ఆకారాన్ని గీతగా చూపే పరికరం) చూసి కంప్యూటర్ల హెడింగ్ 8471లో వేసేవాళ్లున్నారు. కంప్యూటర్‌తో కలిసి పనిచేసినా, డేటా ప్రాసెసింగ్ కాక వేరే నిర్దిష్టమైన పని చేసే యంత్రం తన పనిని బట్టే వెళ్లాలని 84వ చాప్టర్ నోట్స్ చెబుతున్నాయి. పైగా 90వ చాప్టర్ సరుకు 84, 85 చాప్టర్లలోకి రాదని ఆ రెండు చాప్టర్లూ ఉన్న సెక్షన్ నోట్ తేల్చేసింది. హెడింగ్ చదివే ముందు నోట్స్ చదవమని అందుకే అంటున్నాను.

9030 లోపలికి వచ్చాక అసలు పని మొదలవుతుంది. ఆసిలోస్కోప్ 9030.20. మల్టీమీటర్ రికార్డింగ్ లేకపోతే 9030.31, ఉంటే 9030.32. వోల్టేజ్, కరెంట్, రెసిస్టెన్స్, పవర్ కొలిచే మిగతా మీటర్లు రికార్డింగ్ లేకపోతే 9030.33, ఉంటే 9030.39. ఇన్సులేషన్ టెస్టర్ కొలిచేది రెసిస్టెన్సే కాబట్టి ఇక్కడికే వస్తుంది. వైరు చుట్టూ బిగించి కరెంట్ ఒక్కటే చూసే, రికార్డింగ్ లేని క్లాంప్ మీటర్ 9030.33. అదే క్లాంప్ మీటర్‌కు వోల్టేజ్, ఓమ్ రేంజిలు కూడా ఉంటే మల్టీమీటర్ అయిపోతుంది. స్పెక్ట్రమ్ ఎనలైజర్ (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపేది) పేరు హెడింగ్‌లో ఉంది గానీ ఆరంకెల్లో దానికంటూ సొంత గది లేదు. టెలికాం కోసమే ప్రత్యేకంగా రూపొందించినదైతే 9030.40, సెమీకండక్టర్ పరికరాలను పరీక్షించేదైతే 9030.82, రెండూ కాకపోతే రికార్డింగ్‌ను బట్టి 9030.84 లేదా 9030.89. 'టెలికాం పనికీ వాడొచ్చు' అన్న మాట 'ప్రత్యేకంగా రూపొందించినది' అన్న షరతుకు సరిపోదు.

రికార్డింగ్ దగ్గర డేటాషీట్‌లో ఒక్కో పదాన్నీ చూడు. 'డేటా హోల్డ్' అంటే చివరి రీడింగ్ తెరమీద నిలబడటం, అంతే. అది రికార్డింగ్ కాదు. 'డేటా లాగింగ్' అని రాసి, ఎన్ని రీడింగులు, ఎంత విరామంతో దాస్తుందో ఇచ్చారంటే అప్పుడు ఆగి ఆలోచించాలి. లోపలి మెమరీని రికార్డింగ్ పరికరంగా లెక్కిస్తారా లేదా అన్నదానికి దిగుమతి చేసుకునే దేశంలోని పాత రూలింగులు (కోడ్ ఏదో తేల్చిన నిర్ణయాలు) వెతుకు.

ఆసిలోస్కోప్, మల్టీమీటర్ రెండూ ఒకే చేతిపరికరంలో ఉంటే ప్రధానమైన పని ఏదో చూడాలి. బ్యాండ్‌విడ్త్, శాంప్లింగ్ రేటు, తెర, ధర అన్నీ ఆసిలోస్కోప్ వైపు మొగ్గితే 9030.20. నిజంగా తేల్చలేకపోతేనే హెచ్‌ఎస్ వర్గీకరణ సాధారణ నియమాల్లోని 3(సి) ప్రకారం, సరిపోయే కోడ్లలో అంకెల వరుసలో చివరిది తీసుకోవాలి. ముందే ఆ నియమం మీదికి దూకకు.

విడిభాగాలకు 90వ చాప్టర్ రెండో నోట్ ఉంది. దాదాపు అందరూ జారిపడేది ఇక్కడే. భాగానికి 84, 85, 90, 91 చాప్టర్లలో సొంత హెడింగ్ ఉంటే, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, అది అక్కడికే పోతుంది. లిథియం అయాన్ బ్యాటరీ విడిగా వస్తే 8507.60, కోయాక్సియల్ కేబుల్ 8544.20, లోపలి పవర్ సప్లై 8504.40. డిస్‌ప్లే మాడ్యూల్‌కు హెచ్‌ఎస్ 2022 ఎడిషన్ నుంచి 8524 అని కొత్త హెడింగ్ వచ్చింది, పాత జాబితాలు నమ్మకు. సొంత హెడింగ్ లేక, ఆ పరికరానికే ప్రధానంగా పనికొచ్చే ఆసిలోస్కోప్ ప్రోబ్, భాగాలు అమర్చిన బోర్డు లాంటివి 9030.90. మీటరుతో పాటు మామూలుగా వచ్చే వైర్లు, బ్యాటరీ, సంచి మీటరు కోడ్‌లోనే పోతాయి.

పవర్ సప్లై, మీటర్, స్విచింగ్ యూనిట్, కంప్యూటర్ కలిపి ఒక ర్యాక్‌గా వస్తే, అన్నీ కలిసి ఒకే స్పష్టమైన పని చేస్తున్నాయని చూపించగలిగితే మొత్తానికి ఒకే కోడ్. లేఅవుట్ డ్రాయింగ్, కనెక్షన్ డయాగ్రమ్ దగ్గర పెట్టుకో. అవే రెండు వేర్వేరు షిప్‌మెంట్లుగా విడిపోతే ఆ వాదన నిలవడం కష్టం. కాబట్టి ఆర్డర్ పెట్టేటప్పుడే అమ్మేవాళ్లతో మాట్లాడు.

ఇన్వాయిస్ మీద 'టెస్ట్ ఎక్విప్‌మెంట్' అని రానివ్వకు. 'డిజిటల్ మల్టీమీటర్, మోడల్ ఫలానా, వోల్టేజ్, కరెంట్, రెసిస్టెన్స్ కొలిచేది, రికార్డింగ్ లేదు, టెస్ట్ లీడ్లతో' అని రాయించు. ఆరంకెల తర్వాతవి ఏ దేశానివి ఆ దేశానివే. ఎగుమతిదారు ఇచ్చిన పొడవాటి కోడ్‌ను అలాగే ఎక్కించకు.

పదేపదే రాబోయే మోడలై, రెండు కోడ్ల మధ్య తేలకుండా ఉంటే, సరుకు బయల్దేరక ముందే కస్టమ్స్‌కు అడ్వాన్స్ రూలింగ్ (కోడ్ ఏదో వాళ్లు ముందుగానే తేల్చి ఇచ్చే నిర్ణయం) కోసం రాయి. ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రేడ్ ఫెసిలిటేషన్ ఒప్పందం 2017 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది, అందులోని మూడో ఆర్టికల్ ఆ వీలు కల్పిస్తుంది. డేటాషీట్, ఫొటోలు, నువ్వు ఎంచుకున్న కోడ్, పక్కన పెట్టిన కోడ్, ఎందుకు పెట్టావో జతచెయ్యి.

ఇట్లు,
మీ బాబాయి