పెద్ద టీవీ కొనే ముందు టేపు చేతిలోకి తీసుకో

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. పెద్ద టీవీ కొంటున్నామంటూ మూడు మోడళ్ల వివరాలు పంపి, ఏది తీసుకోమంటారని అడిగావు. మీ గది ఎలా ఉంటుందో తెలియకుండా వాటిలో ఏది మంచిదో నేను చెప్పలేను తల్లీ. ఇన్నేళ్లుగా టీవీలు బాగుచేస్తూ, ఇళ్లలో బిగిస్తూ బతికినవాణ్ని. బొమ్మ బాగా రావడం లేదని పిలిస్తే వెళ్లి చూసేవాణ్ని. చాలాసార్లు సెట్టులో ఏ లోపమూ ఉండేది కాదు, ఆ గదికి తగిన సెట్టు కాకపోవడమే అసలు ఇబ్బంది. అందుకే మోడళ్ల సంగతి కాసేపు పక్కన పెట్టు.

ముందు మీరు కూర్చునే చోటు నుంచి టీవీ పెట్టే గోడ దాకా టేపుతో కొలువు. ఆ దూరాన్ని అంగుళాల్లోకి మార్చి ఒకటిన్నరతో భాగించు. ఎనిమిది అడుగులంటే 96 అంగుళాలు, భాగిస్తే 64 వస్తుంది. అంటే 65 అంగుళాల టీవీ సరిపోతుంది. పది అడుగులైతే 75 అంగుళాలది కూడా పెద్దదనిపించదు. ఈ లెక్క 4కే బొమ్మకు, అంటే చాలా ఎక్కువ చుక్కలతో స్పష్టంగా వచ్చే బొమ్మకు. మీ ఇంట్లో ఎక్కువసేపు నడిచేవి పాతకాలపు మామూలు ఛానళ్లే అయితే ఒకటిన్నరతో కాదు, రెండుతో భాగించు. తెర పెద్దదయ్యేకొద్దీ బొమ్మలోని మసక కూడా పెద్దదవుతుంది. నాసిరకం సిగ్నల్‌ను ఎంత మంచి టీవీ అయినా కొంతవరకే చక్కదిద్దగలదు.

సైజు తేలాక గోడ మీద అంత మేర పాత పేపర్లు అతికించి రెండు రోజులు అలాగే ఉంచు. టీవీలకు చెప్పే అంగుళాలు తెర మూల నుంచి మూలకు కొలిచినవి. 65 అంగుళాల తెర వెడల్పు సుమారు 57 అంగుళాలు, ఎత్తు 32 అంగుళాలు. కాగితం మీద చదివితే ఆ సైజు తెలియదు, గోడ మీద చూస్తేనే తెలుస్తుంది. ఎత్తు కూడా అప్పుడే చూసుకో. కూర్చున్నప్పుడు మీ కళ్లు తెర మధ్య భాగానికి కాస్త అటూ ఇటూగా ఉండాలి. చాలామంది ఫోటో ఫ్రేము కట్టినట్టు టీవీని పైన ఎక్కడో బిగించమంటారు. తర్వాత మెడ నొప్పి అంటారు. నేను ఎంత చెప్పినా వినేవాళ్లు కాదు, నువ్వైనా విను. బల్ల మీద పెట్టేట్టయితే స్టాండు కాళ్ల మధ్య దూరం చూడు. పెద్ద సెట్లకు కాళ్లు రెండు చివర్లకూ ఉంటాయి, బల్ల పొట్టిదైతే ఆనవు.

ఇక వెలుతురు. పగలు ఎక్కువగా చూస్తారా, రాత్రా? కిటికీ తెరకు ఎదురుగా ఉందా? అందరూ ఎదురుగా కూర్చుంటారా, పక్కల నుంచి చూసేవాళ్లూ ఉన్నారా? ఏ రకం తెర తీసుకోవాలన్నది వీటిని బట్టే ఉంటుంది. ఓఎల్‌ఈడీ అనే రకం తెరలో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, నలుపు కావాల్సిన చోట పూర్తిగా ఆరిపోతుంది. రాత్రి దీపాలు తగ్గించి సినిమా చూసేవాళ్లకు దానికి మించింది లేదు. పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారవు. అయితే ఒకే లోగో, ఒకే స్క్రోలింగ్ గంటల తరబడి ఉండే వార్తా ఛానల్ రోజంతా నడిచే ఇంట్లో దాన్ని పెట్టమని నేను చెప్పను. కాలం గడిచేకొద్దీ ఆ ముద్ర తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది.

క్యూఎల్‌ఈడీ అనే పేరు చూసి అదీ ఓఎల్‌ఈడీ లాంటిదే అనుకోకు. అది వెనక దీపాలున్న ఎల్‌సీడీనే, రంగులు మెరుగయ్యేలా మధ్యలో ఒక పొర చేర్చారు. బాగా వెలుతురున్న గదికి ఇలాంటిదే నయం. అందులోనూ మినీ ఎల్‌ఈడీ, అంటే మరీ చిన్న దీపాలు ఉండి, వెనక దీపాలు భాగాలుగా తగ్గేవి, పెరిగేవి అయితే నలుపు కూడా బాగా వస్తుంది. ఎల్‌సీడీ తెరల్లో వీఏ రకానికి నలుపు బాగుంటుంది కానీ పక్కకు జరిగితే బొమ్మ వెలిసినట్టు కనిపిస్తుంది. ఐపీఎస్ రకం పక్క నుంచి చూసినా నిలకడగా ఉంటుంది, చీకట్లో మాత్రం దాని నలుపు బూడిద రంగులా తేలుతుంది.

4కే కంటే ఇంకా ఎక్కువ చుక్కలుండే 8కే జోలికి వెళ్లొద్దు. అంత వివరంతో తీసిన కార్యక్రమాలు దాదాపు లేవు, సోఫాలో కూర్చుంటే 4కేకి, దానికి తేడా కంటికి ఆనదు. వెలుగునీడల తేడా బాగా చూపించే హెచ్‌డీఆర్ మాటకొస్తే, పెట్టె మీద రాసి ఉంటే చాలదు. ఎల్‌సీడీ తెర 300 నిట్స్ (తెర వెలుగును కొలిచే లెక్క) దగ్గరే ఆగిపోతే ఆ పేరుకు అర్థం లేదు. కనీసం 600 చూడు, 1000 ఉంటే మరీ మంచిది. పిల్లలు గేమ్స్ ఆడితే 120 హెర్ట్జ్ ప్యానెల్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చే తెర), గేమ్ పెట్టె వైరు తగిలించే హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు ఉన్నాయో లేదో అడుగు. ఆడకపోతే 60 హెర్ట్జ్ సరిపోతుంది. సౌండు కోసం కొంత డబ్బు వేరుగా తీసి పెట్టుకో. ఇంత పల్చటి సెట్లలో మంచి స్పీకర్‌కు చోటే ఉండదు. సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే పొడవాటి స్పీకర్) కలపడానికి, టీవీ శబ్దాన్ని దానికి పంపే ఈఆర్క్ పోర్టు ఉంటే మేలు. స్మార్ట్ హంగులు చూసి మాత్రం నిర్ణయం తీసుకోకు. కొన్నేళ్లకు ఆ సాఫ్ట్‌వేర్ పాతబడినా చిన్న స్ట్రీమింగ్ స్టిక్ ఒకటి టీవీకి తగిలిస్తే పని జరిగిపోతుంది. తెరను అలా మార్చుకోలేం కదా.

షాపుకు వెళ్లినప్పుడు ఒక పని తప్పకుండా చెయ్యి. అక్కడ టీవీలన్నీ రంగులు, వెలుగు అతిగా పెంచే వివిడ్ మోడ్‌లో, ధగధగలాడే పూల వీడియోలతో పెడతారు. వాటిని చూసి తేల్చుకోవద్దు. సినిమా మోడ్‌కు మార్చమని అడుగు. పెన్‌డ్రైవ్‌లో చీకటి సన్నివేశం ఒకటి, మనుషుల ముఖాలు దగ్గరగా కనిపించేది ఒకటి తీసుకెళ్లి పెట్టించు. ముఖం రంగు సహజంగా ఉందా, నల్ల జుట్టులో వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయా చూడు. తర్వాత పక్కకు నడిచి మళ్లీ చూడు. ఇంటికి తెచ్చాక కూడా సినిమా మోడ్‌లోనే ఉంచు, మోషన్ స్మూతింగ్ ఆపెయ్యి. సినిమాలు సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ వాటి మధ్య సొంతంగా ఫ్రేములు కల్పించి చేరిస్తే ఎంత గొప్ప సినిమా అయినా సీరియల్‌లా కనిపిస్తుంది. ఆ సినిమా తీసినవాళ్ల కష్టం అలా పాడవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

సెట్టు వచ్చిన రోజు పెట్టెను పడుకోబెట్టనివ్వకు, నిలబెట్టే మోయించు. బిగించేవాళ్లు వెళ్లకముందే తెర మీద తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటిగా నిండుగా పెట్టించి చుక్కలు, గీతలు ఉన్నాయేమో చూడు. వాపసు గడువు అయ్యేదాకా పెట్టె, థర్మాకోల్ పారెయ్యకు. వారంటీలో ప్యానెల్ కూడా ఉందో లేదో కాగితం మీద చదువుకో.

సోఫా నుంచి గోడకు ఎంత దూరమో, కిటికీ ఎటువైపు ఉందో, రోజూ ఏమేం చూస్తారో రాసి పంపు. అప్పుడు ఆ మూడింటిలో ఏది తీసుకోవాలో చెబుతాను.

ప్రేమతో,
పెదనాన్న