బారెల్ మీద అంకె చూసి తూటాలు కొనకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఫొటోలు చూశాను. పక్కింటి పెద్దాయన సామాన్ల అమ్మకంలో నీకు వించెస్టర్ 1894 రైఫిల్ దొరికిందంటే అదృష్టమే. బారెల్ (రైఫిల్ గొట్టం) మీద .38-55 అని ఉంది, అది ఏ రకం తూటా వేయాలో చెప్పే పేరు. ".375 వించెస్టర్ తూటా కూడా ఇందులో పడుతుంది, జింకకి ఇంకా గట్టిగా తగులుతుంది" అని షాపతను చెప్పాడని రాశావు. పడుతుంది నాన్నా. గొడవంతా అక్కడే.

.38-55 పుట్టింది 1880లలో, టార్గెట్ రైఫిళ్ల కోసం. 55 అంటే 55 గ్రెయిన్ల (అదో చిన్న తూకం) బ్లాక్ పౌడర్, పాతకాలపు తుపాకీ మందు (తెలుగులో నల్లమందు అందామంటే అర్థమే మారిపోతుంది!). .375 వచ్చింది 1978లో. దానికోసం వించెస్టర్ వాళ్లు 94 మోడల్ (నీ 1894 వంశమే) రిసీవర్‌నే, అంటే బారెల్ వెనక బోల్టు ఉండే ఇనప పెట్టెనే, మందంగా చేశారు. రెండు కేసుల (తూటా ఇత్తడి గొట్టాల) రూపం దాదాపు ఒకటే. కొత్తదాని కేసు ఓ మిల్లీమీటరున్నర పొట్టి, అందుకే నీ రైఫిల్లోకి నున్నగా దిగిపోతుంది. కానీ ఒత్తిడి సంగతి చూడు: .38-55కి పరిమితి 30,000 CUP (తూటా ఒత్తిడి కొలమానం), .375కి అదే కొలతలో 52,000. నీ రైఫిల్లో బోల్టుని (తూటా వెనక మూసి ఉంచే ముక్కని) వెనకనుంచి ఆపేది ఒక్క ఇనప దిమ్మె. మొదటి దెబ్బకే పేలుతుందని అనను. కొన్నిసార్లు ఓర్చుకుని, ఆ తర్వాత ఓ రోజు మొహం మీదకే రావచ్చు.

నేనూ ఇలాంటి పనే చేశాను. ఈ దేశం వచ్చిన కొత్తలో వించెస్టర్ 1873 మోడల్ ఒకటి కొన్నాను, .44-40 తూటాది. ఎవరో ఇంట్లో రీలోడ్ చేసిన (ఖాళీ కేసుల్లో మళ్లీ మందు నింపిన) తూటాల డబ్బా చవగ్గా వస్తే తీసుకున్నా. మూడో తూటాకి లీవర్ (తూటా మార్చే పిడి) బిగుసుకుపోయింది. చెక్క సుత్తితో మెల్లగా కొట్టి తెరిస్తే కేసు నిలువునా చీలి, మసిపట్టి ఉంది. చేతులు వణికాయి. తర్వాత తెలిసింది: 1892 మోడల్‌కని గట్టి .44-40 తూటాలు చేసినప్పుడు, 1873లో వాడొద్దని కంపెనీ వాళ్లే డబ్బా మీద అచ్చేశారట, అదీ వందేళ్ల కిందట! పేరు ఒకటే, డబ్బా మీద అంకె ఒకటే, బలం వేరు. .45-70 అనే పాత తూటా కూడా అంతే. రీలోడింగ్ పుస్తకాల్లో దానికి మూడు స్థాయిల లోడ్లు ఇస్తారు, పాత ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌కి అన్నిటికంటే మెత్తనివి.

ఇక చేయాల్సింది. ముందు గన్‌స్మిత్‌తో (తుపాకీలు బాగుచేసేవాడితో) హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్టుకీ తూటా కూర్చునే చోటుకీ మధ్య ఉండే సందు, చూపించు. తర్వాత బోరు (బారెల్ లోపలి రంధ్రం) కొలువు. ఈ పాత .38-55ల బారెల్స్ అన్నీ ఒకే సైజు కాదు, .375 అంగుళాల నుంచి .380 దాకా ఉంటాయి. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకో. బోరుకి నూనె రాయి. బోరు కంటే వెంట్రుకంత పెద్ద మెత్తని సీసం గుండుని మూతి దగ్గర పెట్టి, చెక్క కడ్డీతో అవతలిదాకా తోయి. మొదట్లో బిగుతుగా వెళ్లి, తర్వాత ఒకే పట్టుతో జారాలి. మధ్యలో వదులయిందంటే అక్కడ బారెల్ ఉబ్బి ఉండొచ్చు, ఆ మాట గన్‌స్మిత్‌కి చెప్పు. బయటకొచ్చిన గుండు మీద బారెల్ లోపలి గాడుల ముద్ర పడుతుంది. గాడులు పడిన చోట గుండు ఎత్తుగా ఉంటుంది, ఎదురెదురుగా ఉన్న రెండు ఎత్తుల మీదుగా అడ్డంగా మైక్రోమీటర్‌తో కొలువు. నీ తూటా గుండు ఆ కొలతకి సరిపోవాలి, లేదా అంగుళంలో వెయ్యో వంతు పెద్దదవ్వాలి. చిన్నదైతే ప్రమాదం లేదుగానీ గురి తప్పుతుంది.

తూటాలు కొనేటప్పుడు డబ్బా మీద .38-55 అని ఉండాలి, గుండు మొన చదునుగా ఉండాలి. మ్యాగజైన్ గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి కదా, గట్టి మొనదైతే రైఫిల్ తన్నుకి ముందుదాని ప్రైమర్‌ని (తూటా అడుగున నిప్పు రాజేసే బిళ్లని) పొడుస్తుంది. 55 గ్రెయిన్లన్నారు కదా అని స్మోక్‌లెస్ పౌడర్ (ఇప్పటి తుపాకీ మందు, చాలా బలమైంది) అంతే నింపావో, రైఫిల్ మిగలదు.

పెన్సిల్వేనియాలో రైఫిల్‌తో జింకల వేట సీజన్ థాంక్స్‌గివింగ్ తర్వాతి శనివారం మొదలవుతుంది. నేను బుధవారమే వస్తున్నా, మైక్రోమీటర్ తెస్తాను. ఆ .375 డబ్బా కొనేసి ఉంటే తెరవకుండా వాపసు ఇచ్చెయ్. అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య